తూము

ప్రకాశన్న నలభై ఏడో ఏట సోలో ఆల్బం చేశాడు.
చేసింది నరసాపురంలో,
రొయ్యల మేత కొట్టు మీద గదిలో,
గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించి
నేను స్టూడియో అని పిలుచుకునే చోట.

మొదటి రోజు మెట్లెక్కి వచ్చి
గుమ్మంలో నిలబడి రొప్పాడు.
ఇరవై రెండేళ్ల కిందట
ఒక్క ఊపిరిలో నూట పది మాటలు విసిరిన మనిషి.
అప్పట్లో ముగ్గురు వాళ్లు.
కాలేజీ వార్షికోత్సవాల్లో, లారీ తొట్టి మీద,
ఒకే మైకు చేతులు మారేది.
ఒకడిప్పుడు భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ లెక్కలు రాస్తాడు.
ఇంకొకడి పేరెత్తితే
ప్రకాశన్న హెడ్‌ఫోన్ సరిచేసుకుంటాడు.

"గిటారు కావాలి" అన్నాడు.
కంప్యూటర్ నిండా గిటార్లే కదన్నా అన్నాను.
"తీగ మీద వేలు జారినప్పుడు కీచుమంటదే,
అది కావాలి."

అలా వచ్చింది ఎస్తేరు.
పగలు లేసు కంపెనీలో కుట్లు లెక్కపెడుతుంది,
ఆదివారం చర్చిలో మూడు కార్డులు మర్యాదగా వాయిస్తుంది.
మర్యాద ఆదివారానికే.
పెడల్ మీద కాలేసిందంటే
కింద కొట్టులో మేత బస్తాలు పొడి రాలుస్తాయి,
సుబ్బరాజు గారు పైకి చూసి
"ఏటండీ అది, మోటారు కాలిపోతందా?" అంటారు.

మొదట్లో కుదరలేదు.
ఆమె గిటారు వరదలా వచ్చేది,
ప్రకాశన్న మాట దాళ్వా నాట్లలా
వరసకి వరస, జానెడు జానెడు దూరం.
మాట మునిగిపోయేది.
పన్నెండు రోజులు ఇద్దరూ నన్నే తిట్టారు.

పదమూడో రోజు కరెంటు పోయింది.
చీకట్లో, ఆంప్ లేదు, మైకు లేదు,
ఆమె ఉత్త తీగల్ని అరచేత్తో అదిమి గీరింది
టక్, గర్, టక్, గర్
అన్న బల్ల మీద వేళ్లు వేసి ఎత్తుకున్నాడు
లాకుల దగ్గర లస్కరు చేసిన వాళ్ల నాన్నని:
"నీళ్లు ఆపితే ఊరు తిడతది,
ఒదిలితే ఊరు మునుగుద్ది,
మజ్జిలో మా నాన్న చేతిలో ఇనప చక్రం, ఆయ్!"

ఆ ఆయ్ దగ్గర నాకు ఒళ్లు జలదరించింది.
పాత సీడీల్లో ఆ చోట యో ఉండేది.
ఇరవై ఏళ్లు పట్టింది
ఆ ఒక్క అక్షరాన్ని ఇంటికి తెచ్చుకోడానికి.

కరెంటొచ్చాక మళ్లీ చెప్పమంటే
మూడో చరణం మధ్యలో ఊపిరి అందలేదు.
ఆగిపోయాడు. ఎస్తేరు ఆగలేదు.
ఆ ఖాళీలో ఒక్క స్వరం పెట్టి
సాగదీసింది, సాగదీసింది,
చివరి మనిషి ఎక్కేదాకా
పంటు తాడు పట్టుకున్నవాడిలా.
గాలి పీల్చుకుని వచ్చి ఎక్కాడు.

రాత్రి ఆ ఊపిరి చప్పుడు చెరిపేశాను.
అలవాటు. శుభ్రం చెయ్యడమే కదా నా పని.
పొద్దున్న విని, కోప్పడలేదు,
"నా వయసు ఏం చేశావురా?" అన్నాడు.
తిరిగి పెట్టాను.

నాలుగో దాంట్లో పదహారు బార్లు మాటల్లేవు.
గిటారొక్కటే, అదీ మెల్లగా.
ఎవరి వంతు అది అని నేనడగలేదు.

మొత్తం ఎనిమిది. పేరు తూము.
ఆఖరి దాని వెనకాల సన్నగా ఒక హోరు వినిపిస్తుంది,
సింథ్ అనుకుంటారు.
కిటికీ వెయ్యడం మర్చిపోయాను, అంతే.
చెరువుల్లో ఏరియేటర్లు.

మొదట విన్నది కావలి కాసే పోసిబాబు.
రాత్రి రెండింటికి, గట్టు మీద, ఫోను చెవికానించి.
పొద్దున్న టీ దగ్గర చెప్పాడు:
"బాగుందండి. ఆ గిటారు ఆగినప్పుడల్లా
గబుక్కున లేచి చెరువు చూశానండి.
ఏరియేటర్ ఆగితే
గంటలో రొయ్య తేలిపోద్ది కదండీ."

ఎస్తేరు నవ్వింది.
ప్రకాశన్న నవ్వలేదు.
గ్లాసు కింద పెట్టి,
మొదట్నుంచి ఇంకోసారి పెట్టమన్నాడు.